ఇంటికి స్నో బ్లోయర్ ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

దీపావళి ప్రమిదలు కడిగి లోపల పెట్టేసరికి ఇక్కడి తెలుగువాళ్ల మాటల్లోకి ఈ ప్రశ్న వచ్చేస్తుంది: “ఈసారి స్నో బ్లోయర్ తీసుకుందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు?” స్నో బ్లోయర్ అంటే వాకిట్లో పడ్డ మంచును లాగి పక్కకు చిమ్మే మిషన్. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. సొంత ఇంట్లో ఇది మాకు తొమ్మిదో చలికాలం. ఇన్నేళ్లలో రెండు మిషన్లు కొన్నాను. మొదటిది అనవసరంగా కొన్నాను, రెండోది ఆలస్యంగా కొన్నాను. అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పిందే చెబుతున్నాను కాబట్టి అదంతా ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు మాకు స్నో బ్లోయర్ అవసరమా? పారతో సరిపోదా?

టౌన్‌హోమ్ అయితే ముందు హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు చూడండి. చాలాచోట్ల డ్రైవ్‌వే (రోడ్డు నుంచి గరాజ్ దాకా ఉండే కారు దారి) శుభ్రం చేసే పని వాళ్లదే. అలాంటప్పుడు గుమ్మం ముందు మెట్లకు ఒక పార, ఒక సంచి ఉప్పు ఉంటే చాలు.

విడి ఇల్లయితే లెక్క వేరు. రెండు కార్లు పక్కపక్కన పట్టే డ్రైవ్‌వే, 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు అనుకోండి. మొత్తం 1000 చదరపు అడుగులు. మామూలు మంచు 10 అంగుళాలు కరిగితే దాదాపు 1 అంగుళం నీళ్లవుతాయి. 1000 చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే 5,200 పౌండ్లు, అంటే 2,350 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు 94 ఉన్నాయనుకోండి. వాటిని ఆఫీసుకు వెళ్లేలోపు, చీకట్లో, సున్నాకు దిగువ చలిలో పక్కకు విసరాలి. మార్చిలో పడే తడి మంచైతే బరువు ఇంకా ఎక్కువ.

నలభై దాటి, ఏడాదంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, పార ఎత్తినప్పుడల్లా రక్తపోటు పెరుగుతుంది. మంచు ఎత్తుతూ గుండెపోటు తెచ్చుకున్నవాళ్ల గురించి ఇక్కడి డాక్టర్లు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉంటే ఇక ఆలోచించకండి, మిషన్ కొనేయండి, లేదా ఎవరికైనా డబ్బులిచ్చి చేయించుకోండి.

న్యూజెర్సీ ఎడిసన్ వైపు, చిన్న డ్రైవ్‌వే, ఇంట్లో ఇద్దరు టీనేజ్ పిల్లలు ఉన్నారంటే మాత్రం నేను తొందరపెట్టను. అక్కడ కొన్ని చలికాలాలు ఒకట్రెండు పెద్ద మంచులతో గడిచిపోతాయి.

మా ఊళ్లో ఒకసారికి 6 అంగుళాలకు మించి పడదు. చిన్న మిషన్ చాలు కదా?

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నేనూ ఇక్కడే వేశాను. మిషన్‌ని ఎంచుకోవాల్సింది టీవీలో చెప్పే అంగుళాలను బట్టి కాదు, డ్రైవ్‌వే చివర పేరుకునే కుప్పను బట్టి.

మీరు డ్రైవ్‌వే అంతా ముగ్గు వేసుకోవచ్చన్నంత శుభ్రంగా తీసి లోపలికి వచ్చి కాఫీ కలుపుకుంటారు. అప్పుడు సిటీ ప్లో ట్రక్కు వస్తుంది. రోడ్డు మీది మంచంతా పక్కకు నెట్టుకుంటూ పోతూ మీ డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు కట్టి వెళ్తుంది. అది ఆకాశం నుంచి పడ్డ మంచు కాదు. కార్ల టైర్ల కింద నలిగింది, ఉప్పుతో సగం కరిగింది, మళ్లీ గట్టిపడింది. రంగు బూడిద. చేత్తో పట్టుకుంటే పటికబెల్లం గడ్డల్లా ఉంటుంది. ఊరంతా 6 అంగుళాలు పడ్డ రోజున ఆ గట్టు అడుగున్నర ఎత్తు ఉండొచ్చు.

మా మొదటి చలికాలం నా చేతిలో ఉన్నది వైరుతో నడిచే చిన్న మిషన్. డ్రైవ్‌వే మీది పొడి మంచును బాగానే చిమ్మింది, నాకూ ముచ్చటేసింది. గట్టు దగ్గరకు వెళ్లి తోస్తే కుక్కర్ మూతకు తల కొట్టుకున్నట్టు “టక్, టక్” మని వెనక్కి తన్నింది. నాలుగోసారికి లోపల మోటారు కాలిన వాసన. ఆ పూట పారతోనే గట్టు తవ్వి, పదిన్నర మీటింగుకి చేతులు వణుకుతూ టైప్ చేశాను.

కాబట్టి మొదటి ప్రశ్న ఇదీ: మీ వీధిలోకి ప్లో ట్రక్కు వస్తుందా? మీ ఇల్లు పెద్ద రోడ్డు మీదుందా, కల్‌డిసాక్‌లో (చివర గుండ్రంగా మూసుకుపోయే వీధిలో) ఉందా? కల్‌డిసాక్ అయితే ట్రక్కు తిరిగేచోట మంచంతా ఎవరో ఒకరి వాకిట్లో పడాల్సిందే. ఆ ఒకరు మీరైతే చిన్న మిషన్ మాట మర్చిపోండి.

సింగిల్ స్టేజ్, టూ స్టేజ్ అంటే ఏమిటి?

సింగిల్ స్టేజ్‌లో ముందు తిరిగే ఆగర్ (మంచును లోపలికి లాగే మర) ఒక్కటే. దానికి రబ్బరు రెక్కలుంటాయి, అవే నేలను తాకుతూ మంచును లాగి, అదే ఊపులో పైన షూట్ (మంచు బయటికి వచ్చే గొట్టం) గుండా బయటికి విసురుతాయి. నేల కనపడేంత శుభ్రంగా తీస్తుంది. తేలిక, ఒక చేత్తో తిప్పుకోవచ్చు. వెడల్పు సాధారణంగా 18 నుంచి 22 అంగుళాలు. అయితే 8, 9 అంగుళాల మంచు దాటితే ఆయాసపడుతుంది. పైన చెప్పిన గట్టు దగ్గర మరీను.

టూ స్టేజ్‌లో పని రెండు చేతుల మీదుగా జరుగుతుంది. ముందున్న ఉక్కు ఆగర్, రంపం పళ్లున్నది, గడ్డల్ని పగలగొట్టి మధ్యకు లాగుతుంది. వెనక ఇంపెల్లర్ అనే ఫ్యాను దాన్ని అందుకుని దూరంగా విసురుతుంది. చక్రాలు ఇంజనుతోనే నడుస్తాయి, మీరు నెట్టనక్కర్లేదు. పవర్ టిల్లర్ వెనక నడిచినవాళ్లకు దీని స్వభావం వెంటనే అర్థమవుతుంది. 24 అంగుళాల నుంచి 30 దాకా దొరుకుతాయి. ఇంటి అవసరానికి 24 చాలు, పొడవాటి డ్రైవ్‌వే అయితే 28.

ఈ మిషన్ పుట్టుకకూ పొలానికీ చుట్టరికం ఉంది లెండి. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మొదటి స్నో బ్లోయర్ తయారుచేశాడు. నూర్పిడి యంత్రం ధాన్యాన్ని లాక్కుని గడ్డిని చిమ్మడం చూశాకే ఆయనకు ఆ ఊహ తట్టిందంటారు.

త్రీ స్టేజ్ కూడా ఉందంటున్నారు?

ఉంది. మధ్యలో గడ్డల్ని ఇంకా వేగంగా లోపలికి నెట్టే మరో ఆగర్ ఉంటుంది. బఫెలో, సిరక్యూస్ లాంటి సరస్సు పక్క ఊళ్లలో, ఒక్క రాత్రిలో రెండు మూడు అడుగులు పడేచోట అర్థముంది. మిగతావాళ్లకు ఆ డబ్బు మిగుల్చుకోవడమే మంచిది.

గ్యాస్‌దా (అంటే పెట్రోల్‌తో నడిచేదా), బ్యాటరీదా?

అయిదేళ్ల కిందట అడిగుంటే గ్యాస్ అని మారు మాట లేకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఈగో, టోరో లాంటి కంపెనీల బ్యాటరీ మిషన్లు బాగానే పనిచేస్తున్నాయి. తాడు లాగక్కర్లేదు, వాసన లేదు, తెల్లవారుజామున అయిదింటికి నడిపినా పక్కింటి పసిపాప నిద్ర లేవదు.

మరి చిక్కెక్కడ? చలిలో బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. బరువైన తడి మంచులో ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. డబ్బా మీద రాసిన నిమిషాలు తేలికపాటి మంచుకు చెప్పినవి, వాటిలో సగమే చేతికొస్తాయనుకుని లెక్కేసుకోండి. బ్యాటరీని గరాజ్‌లో వదిలేయకుండా ఇంట్లో ఉంచాలి, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు. ఇప్పటికే అదే కంపెనీ లాన్ మోవర్ మీ దగ్గరుంటే, ఆ బ్యాటరీలు దీనికీ సరిపోతాయేమో కనుక్కోండి. సరిపోతే సగం ఖర్చు తగ్గినట్టే, ఎందుకంటే ఇందులో అసలు ఖరీదు బ్యాటరీలదే.

నా మాటగా చెప్పాలంటే: చిన్న డ్రైవ్‌వే, పెద్దగా గట్టు పడని వీధి అయితే బ్యాటరీ సింగిల్ స్టేజ్. గట్టు బెడద ఉంటే గ్యాస్ టూ స్టేజ్. బ్యాటరీ టూ స్టేజ్‌లు ఉన్నాయి, బాగున్నాయి, ధర చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి.

వైరుతో నడిచేవి చౌకగా ఉన్నాయి కదా?

చౌకే. డెక్ మీదికి, నడకదారికి పనికొస్తాయి. డ్రైవ్‌వేకి వద్దు. మంచులో వైరు ఎక్కడుందో కనపడదు, దాన్ని ఆగర్ కిందికి తోసేసుకోకుండా కాపాడుకోవడమే ఒక ఉద్యోగం.

ఏ సౌకర్యాలకు డబ్బు పెట్టొచ్చు? ఏవి హంగులు?

మొదటిది ఎలక్ట్రిక్ స్టార్ట్. సున్నాకు కింద పది డిగ్రీల చలిలో గ్యాస్ ఇంజను తాడు లాగి లాగి భుజం పట్టేసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. కాకపోతే చాలామంది ఇది కారులాగా లోపలి బ్యాటరీతో స్టార్ట్ అవుతుందనుకుంటారు. ఎక్కువ మిషన్లలో అలా కాదు. గోడ ప్లగ్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి, బటన్ నొక్కి, స్టార్ట్ అయ్యాక వైరు పీకేయాలి. గరాజ్ తలుపు దగ్గర ప్లగ్ ఉందో లేదో ముందే చూసుకోండి.

రెండోది, తిరిగేటప్పుడు సాయం చేసే ఏర్పాటు. టూ స్టేజ్ మిషన్ 200 పౌండ్లకు అటూఇటూ ఉంటుంది. డ్రైవ్‌వే చివర దాన్ని వెనక్కి తిప్పడం, మొరాయించిన గేదెను కొట్టంలోకి తిప్పినట్టే. కొన్నిటికి హ్యాండిల్ కింద ట్రిగ్గర్లుంటాయి, ఎడమది నొక్కితే ఎడమకు తిరుగుతుంది. ఏరియన్స్ వాళ్ల కొన్ని మోడళ్లలో ట్రిగ్గర్ కూడా లేకుండా దానంతటదే సర్దుకుంటుంది. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా నడపాలనుకుంటే దీన్ని వదులుకోవద్దు. మా ఆవిడ పాత మిషన్‌ని ముట్టుకునేది కాదు. దీన్ని మాత్రం నాకంటే నేర్పుగా తిప్పుతుంది.

మూడోది, షూట్ దిశ మార్చే విధానం. పాతకాలపు మిషన్లలో చేత్తో మర తిప్పాలి, దానికోసం ఆగాలి. హ్యాండిల్ దగ్గరే చిన్న లివర్‌తో ఎడమ, కుడి, పైకి, కిందికి మార్చుకోగలిగితే సగం చిరాకు తగ్గుతుంది. కారు పక్కగా వెళ్తూ మంచు కారు మీద పడకుండా తిప్పుకోవడానికి ఇదే ఆధారం.

హెడ్‌లైట్ ఉంటే మంచిదే. డిసెంబరులో ఇక్కడ ఆఫీసుకు ముందూ చీకటే, తర్వాతా చీకటే. అయితే 15 డాలర్ల తల దీపం పెట్టుకున్నా పని జరుగుతుంది. వేడెక్కే హ్యాండిల్స్ గురించి అడిగితే నవ్వేవాణ్ణి. మిన్నెసోటాలో ఉండే మా తోడల్లుడి మిషన్ ఒకసారి నడిపాక నవ్వడం మానేశాను. అయినా అది మోజే, మంచి గ్లవ్స్ కొనుక్కుంటే సరి.

ఇక “50 అడుగుల దూరం విసురుతుంది” అని రాసినవాటిని పట్టించుకోకండి. అది పొడి మంచుకు చెప్పిన మాట. ఇంజను సీసీ మాత్రం చూడండి. 24 అంగుళాల టూ స్టేజ్‌కి 200 సీసీ పైన ఉంటే గట్టు దగ్గర తడబడదు. వెడల్పు పెరిగి సీసీ పెరగకపోతే, అది పెద్ద నోరు, చిన్న పొట్ట.

గరాజ్‌లో రెండు కార్లున్నాయి. ఇది ఎక్కడ పెట్టాలి?

కొనేముందు టేపు పట్టుకుని కొలవండి. టూ స్టేజ్‌లో వెడల్పు ఒక్కటే కాదు, హ్యాండిల్‌తో కలిపి పొడవు అయిదడుగులకు అటూఇటూ ఉంటుంది. దాన్ని చలికాలంలో తలుపు దగ్గరే ఉంచాలి, కారు వెనకాల ఇరికిస్తే మంచు పడ్డ రోజున కారు తీయడానికి మిషన్, మిషన్ తీయడానికి కారు అడ్డం. సింగిల్ స్టేజ్‌లు కొన్నిటికి హ్యాండిల్ మడత పడుతుంది.

ఇంకో సంగతి: షాపు నుంచి ఇంటికి ఎలా తెస్తారు? ఎస్‌యూవీలో పట్టించుకోవచ్చనుకుని వెళ్లి, పార్కింగ్‌లో నలుగురం గంటసేపు కుస్తీ పట్టాం. డెలివరీ పెట్టించుకోండి.

మా డ్రైవ్‌వే కంకరది. లేదా పేవర్లు, అంటే పరుపు ఇటుకలు, వేసింది. ఏదైనా ఫరవాలేదా?

కంకర మీద సింగిల్ స్టేజ్ వాడకూడదు. రెక్కలు నేలను తాకుతాయి కాబట్టి రాళ్లు ఎగిరి కిటికీలకో, మనుషులకో తగులుతాయి. టూ స్టేజ్‌కి రెండు పక్కలా స్కిడ్ షూలు (నేల మీద జారే పట్టీలు) ఉంటాయి, వాటిని కిందికి దింపి బిగిస్తే ఆగర్ నేలకు కొంచెం ఎత్తులో ఉంటుంది. పేవర్లకైతే ఉక్కువి తీసేసి ప్లాస్టిక్ స్కిడ్ షూలు వేయించుకుంటే గీతలు పడవు.

షియర్ పిన్ విరిగిందట. మిషన్ పాడైనట్టా?

కాదు, అది దాని పని అది చేసింది. ఆగర్‌లో రాయో, గడ్డకట్టిన పేపరు చుట్టో ఇరుక్కుంటే ముందు ఈ పిన్ను విరిగి, ఖరీదైన గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజ్ లాంటిది. కొన్నరోజే నాలుగైదు అదనపు పిన్నులు కొని హ్యాండిల్‌కు ఒక చిన్న సంచిలో కట్టుకోండి. తుపాను రోజున షాపులో దొరకవు. దొరకలేదని టూల్‌బాక్స్‌లోని గట్టి బోల్టు బిగించకండి, ఈసారి అది విరగదు, గేర్‌బాక్స్ విరుగుతుంది.

మాకు విరిగినప్పుడు లోపల దొరికింది మా అబ్బాయి సెప్టెంబరులో పారేసుకున్న రబ్బరు బంతి. అందుకే నేల గడ్డకట్టకముందే డోర్‌మ్యాట్, నీళ్ల పైపు, బంతులు ఏరి లోపల పెట్టి, డ్రైవ్‌వే అంచుల వెంట మార్కర్ కర్రలు పాతేస్తాను.

షూట్ మూసుకుపోయింది. చెయ్యి పెట్టి తీయొచ్చా?

వద్దు. ఇంజను ఆపినా వద్దు.

తడి మంచు షూట్‌లో పిండిముద్దలా పట్టేస్తుంది, చెయ్యి పెట్టి లాగేద్దామనిపిస్తుంది. ఇంజను ఆగినా లోపలి బెల్టులో, ఇంపెల్లర్‌లో బిగుతు మిగిలి ఉంటుంది. అడ్డం తొలగగానే అది ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. ఆ పావు చుట్టు చాలు వేళ్లు పోవడానికి. అమెరికాలో ఏటా వేలమంది ఈ మిషన్ల గాయాలతో ఎమర్జెన్సీకి వెళ్తుంటారు, వాటిలో చేతి గాయాలే ఎక్కువ. మిషన్‌కే ఒక ప్లాస్టిక్ కర్ర బిగించి ఉంటుంది. ఇంజను ఆపి, తాళం తీసి, కాసేపు ఆగి, ఆ కర్రతోనే తీయాలి. మొదలుపెట్టేముందే షూట్ లోపల సిలికాన్ స్ప్రే కొట్టుకుంటే అసలు పట్టదు. అది లేకపోతే వంటింట్లోని నూనె స్ప్రే కూడా పనిచేస్తుంది, ఇంట్లో అడగకుండా తీసుకుంటే వచ్చే ఇబ్బందికి నేను బాధ్యుణ్ణి కాను.

గ్యాస్ మిషన్‌ని గరాజ్ లోపల స్టార్ట్ చేయకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గరాజ్ మీది గదిలో పిల్లలు పడుకుని ఉంటారు.

పోయినేడు బాగానే నడిచింది. ఈ ఏడు స్టార్ట్ అవ్వట్లేదు. ఎందుకని?

పదింట తొమ్మిదిసార్లు నిలవ గ్యాస్. ఇక్కడి గ్యాస్‌లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కార్బురేటర్‌లో ఉన్న గ్యాస్ జిగురుగా మారి సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. మార్చి చివర ఆఖరి మంచు అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడపండి. లేదా గ్యాస్ పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ ద్రావకం కలిపి, అది కార్బురేటర్‌లోకి చేరేలా కొన్ని నిమిషాలు నడిపి ఆపండి. దొరికితే ఇథనాల్ లేని గ్యాస్ పోయండి. బంకులో 88 అని చౌకగా అమ్మేది మాత్రం పోయకండి, అందులో 15 శాతం ఇథనాల్, చిన్న ఇంజన్లకు అది పడదు. ఆయిల్ ఏడాదికోసారి మార్చండి.

అక్టోబరులో ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోండి. మంచు పడ్డ పొద్దున మెకానిక్కులెవరూ ఫోనెత్తరు.

ఎప్పుడు కొంటే చౌక? పాతది కొనొచ్చా?

మార్చి, ఏప్రిల్‌లో షాపులు మిగిలినవి వదిలించుకుంటాయి, అప్పుడే బేరం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున వెళ్తే మిగిలినవే తీసుకోవాలి. ధరలు సుమారుగా ఇలా ఉంటాయి: మంచి సింగిల్ స్టేజ్ 500 నుంచి 1000 డాలర్లు, టూ స్టేజ్ 1000 నుంచి 2000, పైన హంగులను బట్టి.

పాతది కొనడం తప్పేం కాదు. వేరే రాష్ట్రానికి ఉద్యోగం మారి డాలస్‌కో, ఫీనిక్స్‌కో వెళ్లిపోయేవాళ్లు అమ్ముకుంటుంటారు. వెళ్లేముందు ఒక మాట చెప్పండి: “నేను వచ్చేదాకా ఇంజను వేడి చేయకండి.” చల్లగా ఉన్న ఇంజను మీ కళ్ల ముందు స్టార్ట్ అయితేనే కొనండి. ఆగర్ లివర్ వదలగానే ఆగర్ ఆగాలి. ముందు వైపు తుప్పు, వంగిన రెక్కలు, షియర్ పిన్నుల స్థానంలో మామూలు బోల్టులు కనపడితే వెనక్కి వచ్చేయండి.

మంచు ఎటు విసరాలి?

తూర్పారబట్టినట్టే, గాలివాటం చూసుకుని. ఎదురుగాలికి విసిరితే అంతా మీ ముఖానికే. మధ్యలో మొదలుపెట్టి రెండు పక్కలకూ వెళ్లండి. రోడ్డు మీదికి విసరడం చాలా ఊళ్లలో నేరం, జరిమానా వేస్తారు. పక్కింటివాళ్ల వాకిట్లోకి విసిరితే జరిమానా ఉండకపోవచ్చు గాని, వేసవిలో పలకరింపులుండవు.

ఆ గట్టును తగ్గించుకునే ఉపాయం ఒకటి ఉంది. రోడ్డు వైపు తిరిగి నిలబడితే ప్లో ట్రక్కు మీ ఎడమ పక్కనుంచి వస్తుంది. డ్రైవ్‌వేకి ఆ ఎడమవైపున, రోడ్డు అంచున పది పన్నెండడుగులు మంచు తీసి ఖాళీ చేసి ఉంచండి. ట్రక్కు తోసుకొచ్చే మంచులో చాలా భాగం ఆ ఖాళీలోనే పడిపోతుంది. పూర్తిగా కాదు, సగమైనా తగ్గుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కుంటే?

లెక్కకు బాగుంటుంది. మంచు అందరికీ ఒకే పొద్దున పడుతుంది, అందరికీ ఎనిమిదింటికే ఆఫీసు. ఆనుకుని ఉన్న రెండిళ్లయితే, ఒకరే రెండు వాకిళ్లూ తీసేసేలా మాట్లాడుకుంటే కుదురుతుంది. మూడో ఇల్లు చేరితే కుదరదు.

ఇండియా నుంచి నాన్నగారు వచ్చారు. తాను నడుపుతానంటున్నారు. ఇవ్వొచ్చా?

మా మామగారు ఒంగోలు పక్కన పల్లెలో పవర్ టిల్లర్ నడిపిన మనిషి. లివర్లు చూపిస్తే రెండు నిమిషాల్లో పట్టేశారు. “ఇది బురదలో దమ్ము చేసినట్టే కదయ్యా అల్లుడూ” అన్నారు. మిషన్‌తో ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. మంచు తీసేశాక కింద మిగిలే సన్నటి గాజు పొరతోనే వచ్చింది. చెప్పులకు అలవాటైన కాళ్లకు దాని సంగతి తెలియదు. ఇవ్వండి, కాని ముందు బూట్లకు తగిలించే ఇనుప ముళ్ల పట్టీలు 20 డాలర్లకు దొరుకుతాయి, అవి కొనివ్వండి. మఫ్లర్ కొసలు వేలాడకుండా కోటులోపలికి దోపమనండి, ఆగర్‌కు దగ్గరగా వంగినప్పుడు అవే ముందు చుట్టుకుంటాయి.